అల్లుడితో నాలుగు మాటలు

తూము పుస్తకం. ఇకనుంచి రాసేది నూకరత్నం.

1వ రోజు

దానియేలు తాత తూము తిప్పి దిగివచ్చి, మెట్ల కింద కూర్చుని మంచినీళ్ళడిగాడు. చెంబు తెచ్చేలోపే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఇరవై రెండేళ్ళు తుపాకీ ముందుకెళ్ళి వచ్చిన మనిషి ఇలా నీడపట్టున పోవడం అదృష్టమే. పాతిపెట్టి వచ్చాక ఊరిపెద్ద సూరినాయుడుగారు ఈ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేశారు. గట్టుకింద ఊళ్ళో ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, ఇక పైకెళ్ళేవాళ్ళకు నేర్పాల్సింది నేనేనట.

తాత రాసిన పేజీలు తిరగేశాను. తేదీ, 'తూము తిప్పితిని', సంతకం. అంతే. అల్లుడితో ఏం మాట్లాడేవాడో ఒక్క ముక్క రాయలేదు. ఇన్నేళ్ళూ ఏం వెలగబెట్టావయ్యా అని సమాధి దగ్గరికెళ్ళి తిట్టాలనిపించింది.

అల్లుడంటే ఆనకట్ట మీది తుపాకీ. మూడు కాళ్ళు, రెండు గొట్టాలు, ఒక మైకు. యుద్ధం చేసినవాళ్ళు పోయారు గానీ దాన్ని తూము గది ముందు వదిలేసి పోయారు. పైకి వచ్చినవాళ్ళను ఇంగ్లీషులో పలకరిస్తాడు. మనుషులు మనుషులతో మాట్లాడినట్టు నాలుగు మాటలు మాట్లాడితే మనవాడే అనుకుని పక్కకు జరుగుతాడు. లేదంటే కాలుస్తాడు. ఎప్పుడు ఎందుకు అలుగుతాడో తెలియదు, అలిగితే ఇల్లు గుల్ల, అందుకని మా అమ్మల కాలంలోనే ఆ పేరు పెట్టారు. లోపలికి వెళ్ళి చక్రం తిప్పితే కింద ఊరి తొట్టె నిండుతుంది, నిండగానే తూము దానంతటదే మూసుకుంటుంది. నిండిన తొట్టె నాలుగు వందల మందికి పది రోజులొస్తుంది. నోరు కట్టుకుంటే ఇంకో రెండు మూడు రోజులు. చుట్టూ ఉప్పు నేల, వేరే నీళ్ళు లేవు.

3వ రోజు

మా నాన్న బడిపంతులు. ఆయన పెట్టె అడుగున రోజువారీ ఇంగ్లీషు వాక్యాల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట పోయింది, చెదలు తినగా మిగిలినంత మిగిలింది. అందులోంచి పలకరింపులు నలభై ఏరాను. హౌ ఈజ్ ఇట్ గోయింగ్ అంటే ఎలా ఉన్నావని. దానికి ఐ యామ్ ఫైన్, థాంక్యూ, హౌ అబౌట్ యూ అనాలి. తర్వాత నైస్ వెదర్, ఇజంట్ ఇట్ అనాలి. ఇలా వరుసగా.

నాయుడుగారు నలుగుర్ని ఎంచారు. పైపులు బాగుచేసే లచ్చయ్య, ఉప్పుమడుల్లో పనిచేసే ఎర్రయ్యమ్మ, మా తమ్ముడు గవరయ్య, పందొమ్మిదేళ్ళ నా కూతురు వరహాలు. నన్ను మాత్రం పంపకూడదని తీర్మానం చేశారు. నేర్పేదే పోతే ఆ తర్వాత నేర్పేదెవరు అన్నారు. నేను కాదనలేదు. నా ప్రాణం నాకు తీపే. ఇదీ రాసి ఉంచుతున్నాను.

రేకుల పాకలో మొదలుపెట్టాం. నేనొకసారి అంటే వాళ్ళు ఇరవైసార్లు అనాలి, నలుగురూ ఒకే గొంతుగా, నేనన్న రాగంలోనే. మా నాన్న మమ్మల్ని అలాగే వల్లె వేయించాడు, బెత్తం పుచ్చుకుని. నిద్రలో లేపినా చెప్పగలిగేలా రావాలి, అదీ చదువంటే.

వరహాలు మధ్యలో లేచి, అల్లుడు ఇవి కాకుండా వేరేది అడిగితే ఏం చెప్పాలంది. ముందు ఇవి రానీ అన్నాను. దానియేలు తాత ఇలా మాట్లాడేవాడు కాదు, మోకాళ్ళ నొప్పులూ కోడలి మీద చాడీలూ చెప్పేవాడు, నేను కిందనుంచి వినేదాన్ని అంది. నాకు ఒళ్ళు మండింది. తాత ఇంగ్లీషు నేనూ విన్నాను, తల ఒకచోట తోక ఒకచోట. అది కూడా ఒక ఇంగ్లీషేనా అని, ఎదురు చెప్పినందుకు అరచేతి మీద రెండు తగిలించాను.

10వ రోజు

లచ్చయ్య నెగ్గుకొచ్చాడు.

మధ్యాహ్నం ఎక్కాడు, నూట పదకొండు మెట్లు. ఊరంతా కింద నిలబడ్డాం. అల్లుడి మైకు పెద్దది. పైన మాట్లాడేవాళ్ళ గొంతు కూడా ఆనకట్ట గోడకు తగిలి కిందకు వచ్చేస్తుంది. హే దేర్, హౌ ఈజ్ ఇట్ గోయింగ్ అన్నాడు అల్లుడు, ఎంత మార్దవంగా అన్నాడంటే వినేవాళ్ళకు ముద్దొస్తుంది. లచ్చయ్య వరుసగా అప్పజెప్పాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. గొట్టాలు కాసేపు అతని మీదే ఉండి, తర్వాత నేలకు దిగాయి.

నీళ్ళొచ్చాయి. లచ్చయ్య దిగివచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు, అందరూ చూస్తుండగా. నాకెంత గర్వమనిపించిందో దాచుకోను. వరహాలు వైపు చూశాను, చూశావా అన్నట్టు.

20వ రోజు

ఈ రోజు ఎర్రయ్యమ్మ వంతు. అదే పలకరింపు, అవే జవాబులు. లచ్చయ్యకన్నా బాగా చెప్పింది. నైస్ వెదర్ దాకా వచ్చింది.

మొదటి దెబ్బకు దవడ పోయింది. రెండోది అక్కర్లేదు, అయినా కొట్టాడు. దొర్లుకుంటూ వచ్చి నలభయ్యో మెట్టు మీద ఆగింది. ఆమె మొగుడు పోలయ్య పైకి పరిగెత్తబోతే నలుగురు కింద పడేసి పట్టుకున్నారు. వాళ్ళలో ఒకడి చెయ్యి కండ ఊడేలా కొరికాడు. తెల్లగుడ్డ ఊపుతూ నలభయ్యో మెట్టు వరకే వెళ్ళనిస్తాడు అల్లుడు, ఆ మాత్రం దయ ఉంది. శవాన్ని గోనెలో తెచ్చుకున్నాం. దవడ దొరకలేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకున్నాను. వెదర్ అనే ముందు గుటక వేసింది. నేను నేర్పిన దాంట్లో గుటక లేదు.

21వ రోజు

లచ్చయ్య నేనే వెళ్తాను, నన్నెరుగును కదా అన్నాడు. అదీ నిజమే. లోపలికి పంపినవాళ్ళను అల్లుడు గుర్తుపెట్టుకుంటాడని తాత కూడా అనేవాడు.

నిజంగానే గుర్తుపట్టాడు. యూ అగైన్, లాంగ్ టైమ్ నో సీ అన్నాడు, మళ్ళీ వచ్చావే, చూసి ఎన్నాళ్ళయిందీ అని. అది మా నలభైలో లేదు. లచ్చయ్య ఒక్క క్షణం ఆగి, వల్లె వేసిన మొదటి జవాబే అందుకున్నాడు, ఐ యామ్ ఫైన్, థాంక్యూ, హౌ అబౌట్ యూ అని.

పొట్టలో కొట్టాడు. లచ్చయ్య తన పేగులు తనే పట్టుకుని మూడు మెట్లు దిగాడు. తర్వాత దొర్లి, నలభయ్యో మెట్టు దగ్గరికి శవమే వచ్చింది. అతని పెళ్ళాం నా దగ్గరికొచ్చి మొహం మీద ఉమ్మేసింది. తుడుచుకుని పాకలోకి పోయాను. మిగిలింది నా తమ్ముడూ నా కూతురూ. పొద్దుగూకే దాకా వల్లె వేయించాను. గవరయ్య రాగం తప్పినప్పుడల్లా వేళ్ళ కణుపుల మీద కొట్టాను, నెత్తురొచ్చేదాకా. వాడు నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. కొట్టించుకుంటూనే నవ్వుతున్నాడు. నువ్వు కొడితే వస్తదక్కా అన్నాడు.

వరహాలు నోరు విప్పలేదు. కొట్టినా విప్పలేదు.

22వ రోజు

తొట్టె అడుగు కనపడుతోంది. మనిషికి అర చెంబు. సన్యాసి అనేవాడు రెండోసారి ముంచుకున్నాడని వెనకవాడు కొడవలితో మణికట్టు మీద వేశాడు. చెయ్యి తెగి తొట్టెలో పడింది. దాన్ని బయటికి తీసి ఆ నీళ్ళే పంచారు. అందరం తాగాం. నేనూ తాగాను.

మధ్యాహ్నం ఇద్దరు ముసలివాళ్ళు పోయారు, ఎండకు.

23వ రోజు

గవరయ్య.

చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని తిరిగాను. పెద్దయ్యాక వాడు నా కూతుర్ని మెడ మీద ఎక్కించుకుని తిరిగాడు. పొద్దున్నే తల దువ్వుకుని, ఎలా ఉన్నానక్కా అన్నాడు. బాగున్నావు, గుటకలు వెయ్యకు అన్నాను. నా తమ్ముడితో నేను ఆఖరుగా అన్న మాట అదే.

పైన అన్నీ చెప్పాడు. గుటక లేదు, వణుకు లేదు, నా రాగం నాకే వినపడింది. నలభయ్యో వాక్యం అయ్యాక అల్లుడు కాల్చాడు. ఎడమ కాలు మోకాలి కింద తెగి పక్కన పడింది. గవరయ్య తూము గది ముందే పడ్డాడు, చావలేదు. అరుపులు వినపడుతున్నాయి. అక్కా అంటున్నాడు, అమ్మా అంటున్నాడు. నలభయ్యో మెట్టు దాటి పోలేం. వరహాలు నా చీర పట్టుకుని, ఏదో ఒకటి చెయ్యమ్మా అని కదిపేస్తోంది. ఏం చెయ్యను?

తను కాల్చినవాణ్ణి అల్లుడు కాసేపటికి మర్చిపోతాడు. ఆ తర్వాత ఎదురుగా ఉన్నది కొత్త మనిషే. గొట్టాలు కిందికి దించి, ఎంతో ఆదరంగా అడిగాడు. హే, ఆర్ యూ ఓకే? నీకేమైంది, బాగానే ఉన్నావా అని. లేదనాల్సిన మాట. కాపాడమనాల్సిన మాట. తెలుగులో ఏడ్చినా సరిపోయేదేమో.

గవరయ్య ఏడుపు ఆపాడు. ఐ యామ్ ఫైన్, థాంక్యూ అన్నాడు. హౌ అబౌట్ యూ?

ఒక్క తప్పు లేకుండా చెప్పాడని నాకు సంతోషమేసింది. నిజం రాస్తున్నాను. కన్ను మూసి తెరిచేంతసేపు సంతోషమేసింది. ఆ తర్వాత రెండు గొట్టాలూ పేలాయి.

24వ రోజు

పొద్దున పోలయ్యా ఇంకో పది మందీ ఇంట్లోకి వచ్చారు. జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. కడుపులో తన్నారు, పక్కటెముక ఏదో విరిగినట్టుంది, ఊపిరి తీస్తుంటే గుచ్చుతోంది. నా బెత్తంతోనే కొట్టారు. అది విరిగాక పోలయ్య నా ఎడమ చెయ్యి రాయి మీద పెట్టి సుత్తితో వేళ్ళు చితక్కొట్టాడు. కుడి చెయ్యి వదిలేశాడు, తూము పుస్తకం రాయాలి కదా అన్నాడు. నాయుడుగారు అరుగు మీద కూర్చుని చూశారు. అడ్డం రాలేదు. వచ్చి ఉంటే నేనే కాదనేదాన్ని.

వాళ్ళు పోయాక వరహాలు నా చేతికి గుడ్డ చుట్టింది. తర్వాతి వంతు దానిదే. నువ్వు వెళ్ళొద్దు, నేనే వెళ్తానన్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు, తప్పు పోకుండా చెప్తానన్నాను. అది గుడ్డ ముడి వేసి నా మొహంలోకి చూసింది.

"మావయ్యకు కాలు తెగింది. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాడు. నువ్వు నేర్పావు."

ఆ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"యుద్ధంలో అవతలివాళ్ళు టేపుల్లో గొంతులు పట్టి వినిపించి ఈ తుపాకుల్ని మోసం చేసేవారంట. అందుకే ఒకటే రాగంలో అప్పజెప్పే మాట ఒకసారి వదిలినా, మళ్ళీ వింటే కాలుస్తాడు. తాత చెప్పాడు. నీకూ చెప్పాడు. నువ్వు తాత ఇంగ్లీషుకు నవ్వుతూ కూర్చున్నావు గానీ వినలేదు."

చెప్పాడు. నిజమే. నాకు గుర్తుంది.

"లచ్చయ్య బాబాయి నీ గొంతుతోనే మాట్లాడాడు. ఎర్రయ్యమ్మత్త, మావయ్య, అందరూ నీ గొంతే. నువ్వు మెట్లెక్కి నోరు తెరిస్తే రెండో మాట రానివ్వడు. కూర్చో."

కూర్చున్నాను. అది వెళ్ళింది. ఏం చెప్తావని అడిగాను. తెలీదంది. తెలియకుండా ఎలా వెళ్తావే అని వెనకనుంచి అరిచాను, పక్కటెముక గుచ్చింది. అది వెనక్కి చూడలేదు.

నేను పాక్కుంటూ మెట్ల దాకా పోయాను. అప్పటికి అది పైకి చేరింది. అల్లుడు ఎప్పట్లాగే హౌ ఈజ్ ఇట్ గోయింగ్ అన్నాడు. ఎగశ్వాస తప్ప ఏమీ వినపడలేదు. గొట్టాలు లేచాయి.

"బ్యాడ్," అంది వరహాలు. "వెరీ బ్యాడ్."

వాట్ హ్యాపెండ్ అన్నాడు, ఏం జరిగిందని.

"దిస్ మై అంకుల్. హీ డెడ్. స్మెల్ కమింగ్."

ఓ, ఐ యామ్ సారీ అన్నాడు అల్లుడు.

"నో సారీ. యూ డూ దిస్." ముక్కు చీదింది. తర్వాత దగ్గింది. చచ్చింది నా కూతురు అనుకుని కళ్ళు మూసుకున్నాను. తుపాకీని ఎదురుగా నిలబడి తిట్టినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. పేలుడు వినపడలేదు. నీకు కోపంగా ఉన్నట్టుందే, నా మీదా అన్నాడు అల్లుడు. విత్ మీ?

అది ఆలోచించింది. ఊరంతా కింద వింటోంది.

"మై మదర్," అంది. "షీ టీచ్. ఎవ్రీబడీ డై. షీ నాట్ గో. ఐ నాట్ లైక్ మై మదర్."

ఒక్క వాక్యంలో కూడా క్రియ తిన్నగా లేదు. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తట్టింది, ఏం బుద్ధి నాది. నేర్పింది, అందరూ చచ్చారు, తను మాత్రం వెళ్ళలేదు. నా బతుకు మొత్తం మూడు ముక్కల్లో చెప్పేసింది, మైకులో. జనం తలలు తిప్పి నన్ను చూశారు.

దట్స్ రఫ్ అన్నాడు అల్లుడు, కష్టమేనమ్మా అన్నట్టు. గో ఆన్ ఇన్, లోపలికి వెళ్ళమని. టేక్ కేర్. గొట్టాలు నేలకు దిగాయి.

నీళ్ళు వచ్చాయి. జనం తొట్టె మీద పడ్డారు. తోపులాటలో ఒక ముసలమ్మ నలిగిపోయింది. నేను అక్కడే పడివున్నాను. వరహాలు తూము తిప్పి బయటికి వచ్చి, మావయ్యను చంకల కింద పట్టుకుని ఒక్కత్తే మెట్టు మెట్టుకూ ఈడ్చుకుంటూ తెచ్చింది. మళ్ళీ ఎక్కి కాలు కూడా తెచ్చింది. అల్లుడు ఏమీ అనలేదు.

25వ రోజు

గవరయ్యను పాతిపెట్టాం. వరహాలు ఇంటికి రాలేదు. లచ్చయ్య పెళ్ళాం ఇంట్లో ఉంటోంది.

29వ రోజు

పైకెళ్ళడానికి ఇంకా మనుషులు కావాలని నాయుడుగారు నలుగురైదుగుర్ని వరహాలు దగ్గర కూర్చోబెట్టారు. రేకుల పాకలోనే. బెత్తం లేదు, పుస్తకం లేదు. ఇంగ్లీషులో దెబ్బలాడుకుంటున్నారు, ఎవరింట్లో ఏం కూర వండారో చెప్పుకుంటున్నారు, మాట దొరక్కపోతే చేతులు ఊపుతున్నారు. పోలయ్య కూడా వచ్చాడు. పెళ్ళాం గురించి చెప్పబోయి ఏడ్చేశాడు. వాడి ఇంగ్లీషు పరమ దరిద్రంగా ఉంది. వాణ్ణి పైకి పంపితే క్షేమంగా దిగివస్తాడని నాకిప్పుడు తెలుస్తోంది.

నన్ను పాక దరిదాపులకు రావద్దన్నారు. నా రాగం అంటుకుంటుందని. రోడ్డుకు అవతల కూర్చుని వింటున్నాను. తప్పు వినపడినప్పుడల్లా దిద్దాలని నోరు దురద పెడుతుంది. నాలుక కొరుక్కుంటున్నాను.

34వ రోజు

పోలయ్య ఇంకా భయపడుతున్నాడు, అందుకని మళ్ళీ వరహాలే ఎక్కింది. జనం వెనక నిలబడ్డాను, ముందుకు రానివ్వరు.

హే, ఇట్స్ యూ అన్నాడు అల్లుడు. గుర్తుపట్టాడు. మీ అమ్మ ఎలా ఉందని అడిగాడు. పది రోజులుగా ఊళ్ళో ఒక్కరు అడగని మాట.

"షీ సిట్ రోడ్ సైడ్," అంది వరహాలు. "హ్యాండ్ బ్రోకెన్. ఈటింగ్ లిటిల్."

నా వైపు చూడదు, పలకదు, ఎదురుపడితే సందు మారుతుంది. నేను తింటున్నానో లేదో దానికెలా తెలిసింది? ఎప్పుడు చూసింది?

నువ్వు ఆవిడతో మాట్లాడుతున్నావా అన్నాడు. నో అంది. మాట్లాడతావా అన్నాడు.

గొట్టాలు దాని ఛాతీ మీదే ఉన్నాయి. అది ఎంతసేపటికీ జవాబు చెప్పలేదు. తప్పో ఒప్పో, కాదనో ఔననో ఏదో ఒకటి అనవే అని లోలోపల మొత్తుకున్నాను.

"డోంట్ నో," అంది చివరికి, గొంతు తడబడుతూ.

గో ఆన్ ఇన్ అన్నాడు.

సాయంత్రం అది నీళ్ళ బిందెతో నా ముందునుంచే పోయింది. లేచి కాళ్ళ మీద పడాలనిపించింది. తప్పయిపోయింది, నన్ను క్షమించు అని అడగాలనిపించింది. లేవలేదు. ఇప్పుడు అడిగితే పది రోజులూ దాని గురించే ఆలోచిస్తుంది. క్షమించాననో, క్షమించలేదనో ఒక మాట తయారుచేసుకుంటుంది. పైన వాడు మళ్ళీ మీ అమ్మ ఎలా ఉందని అడుగుతాడు. తయారుచేసుకున్న మాట అప్పజెప్తే నా కూతుర్ని చంపేస్తాడు.

అందుకని అడగను.